సర్కారు కిలో

కోదాడ బజార్లో లారీ ఇంకా సగం కూడా ఖాళీ కాలేదు. మే నెల ఎండ మాడు పగలగొడుతోంది. నాగయ్య మెడ మీది తుండుగుడ్డ సవరించుకుని వంగాడు. లారీ మీంచి తోటి హమాలీ ఫూల్‌సింగ్ జార్చిన బియ్యం సంచి వచ్చి అతని వీపు మీద పడింది. పొద్దున మిర్యాలగూడ మిల్లులో ఎక్కించిందీ ఈ వీపే, ఇక్కడ దించుతున్నదీ ఈ వీపే. సంచికి మూడు రూపాయలు. బియ్యం ధర మూడేళ్లలో ఎన్నిసార్లు పెరిగిందో అడక్కండి, హమాలీ కూలికి మాత్రం కాళ్లు రాలేదు. ఇంకో రెండేళ్లు అదే మూడు రూపాయలకు మోస్తామని ఈ సాయంత్రం మిల్లులో ఒప్పందం. హమాలీలందరిలో పెద్దవాడు నాగయ్య. అతను సంతకం పెడితే మిగతా వాళ్లంతా కళ్లు మూసుకుని పెడతారు.

కొట్టు యజమానురాలు ఊర్మిళ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఈ గోడ పక్కన పేర్చండి బాబాయ్, చెమ్మ తగలకుండా."

"పేరుస్త గని తల్లీ, సర్కారు కిలోకు గూడ జర జాగ సూపియ్యి," అన్నాడు నాగయ్య నవ్వుతూ. మిల్లులో హమాలీలందరూ అనుకునే మాటే అది.

"సర్కారు కిలో ఏంటి?"

"గదేనమ్మా, ఇరవై ఆరో కిలో. ముందుగాల సంచికి ఇరవై ఐదే ఉండె గద. జీఎస్టీ వచ్చినంక నూటికి ఐదు లెక్కన కిలోంబావు సర్కారుకు గట్టాల్నట. కిలో సంచిలనే పోస్తరు, పావు మా ఓనరు వెట్టుకుంటడు. సర్కారు సొమ్ము గాబట్టి గా కిలోకు మాకు కూలి లేదు."

ఊర్మిళ పకపకా నవ్వింది. అతను హాస్యమాడటం లేదని తెలిశాక నవ్వు ఆపేసింది.

"ఎవరు చెప్పారు బాబాయ్ మీకు? పన్ను బియ్యంతో కడతారా ఎక్కడన్నా? ఇటు రండి, చూపిస్తాను." గల్లా మీది క్యాలిక్యులేటర్ తీసింది. "కిలో యాభై రెండు. పాతిక కిలోల సంచి పదమూడు వందలు. పేరేసి కుట్టిన సంచి పాతిక కిలోల దాకా ఉంటే నూటికి ఐదు పన్ను. అంటే అరవై ఐదు. పదమూడు వందల అరవై ఐదు అవుద్ది. అదే సంచిలో ఇంకో కిలో పోశారనుకోండి, పాతిక దాటింది కాబట్టి పన్నే లేదు. ఇరవై ఆరు యాభై రెళ్లు, పదమూడు వందల యాభై రెండు, అంతే. ఆ కిలో కలిపింది సర్కారుకి కట్టడానికి కాదు బాబాయ్, కట్టకుండా ఉండటానికి."

"మరి గా కిలో పైసలు?"

"నేనిచ్చానుగా. మీ ఓనరుకే ముట్టినయ్."

నాగయ్య మళ్లీ లారీ దగ్గరికి నడిచాడు. మిగతా సంచులన్నీ దించాడు. దించక ఏం చేస్తాడు!

తిరిగి వచ్చేటప్పుడు లారీ క్యాబిన్లో ఫూల్‌సింగ్ ఏదో చెబుతున్నాడు గానీ నాగయ్య చెవికి ఎక్కలేదు. ఈ సర్కారు కిలో ముచ్చట ఓనరు చెప్పి ఉంటే అతను ఇంతగా కుమిలిపోయేవాడు కాదు. ఓనరు మాటను ఎవరు నమ్మారు గనక! చెప్పింది ప్రేమ్‌కుమార్. నాగయ్యకు సొంత అన్న కొడుకు. అన్న చనిపోతే నాగయ్య భార్య ఐలమ్మ వాణ్ణి తన కడుపున పుట్టినట్టే సాకింది. వాడి డిగ్రీ కోసం నాగయ్య ఉన్న గొర్లన్నీ అమ్మి మిల్లులో హమాలీగా చేరాడు. వాడు కామర్సు చదివాడు. మనోడు, లెక్క తెలిసినోడు అని హమాలీలంతా వాణ్ణి సంఘానికి సెక్రటరీని చేసుకున్నారు. ఏడాది కింద మిల్లు గేటు దగ్గర నిలబడి, వేళ్లు మడుస్తూ, నూటికి ఐదంటే ఏమిటో ఎంత చక్కగా చెప్పాడని! ఆ రోజు నాగయ్య ఇంటికి పోయి ఐలమ్మ ముందు మురిసి ముక్కలయ్యాడు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది, ఒళ్లు మండిపోతోంది.

పాతిక టన్నుల లోడుకు అప్పుడు వెయ్యి సంచులు. ఇప్పుడు తొమ్మిది వందల అరవై ఒకటి. మోసే బరువు ఇసుమంత తగ్గలేదు, కూలి లెక్కలో ముప్పై తొమ్మిది సంచులు తగ్గాయి. లోడుకు నూట పదిహేడు రూపాయలు పేదోళ్ల నోటికాడ నుంచి లాగేశారు, అదీ సర్కారు పేరు చెప్పి.

మిల్లు ఆవరణలో సూర్యాపేటకు పోవాల్సిన లారీ సిద్ధంగా ఉంది. ప్రేమ్‌కుమార్ కాగితాలు పట్టుకుని ఎదురొచ్చాడు.

"నీ కోసమే ఆగినం చిన్నాయినా. గీడ వెట్టు సంతకం."

"పెడ్త గని బిడ్డా, గా సర్కారు కిలో ముచ్చట ఇంకోపారి జెప్పు."

"ఎన్నిమాట్ల జెప్పాలె? నూటికి ఐదు..."

"కట్టనీకా, తప్పిచ్చుకోనీకా?"

ప్రేమ్‌కుమార్ ముఖం పాలిపోయింది. చిన్నాయన చెయ్యి పట్టుకుని సంచుల వరస చాటుకు లాక్కెళ్లాడు.

"కోదాడల ఎవడన్న జెప్పిండా? లొల్లి జెయ్యకు చిన్నాయినా, నీ కాళ్లు మొక్కుత. గీ సంతకాలైతే ఓనరు నాకు ఆఫీసుల నౌకరి ఇస్తనన్నడు. నీకు గూడ గేటుకాడ కూసునే పని ఇప్పిస్త."

నాగయ్యకు తిట్టాలని కూడా అనిపించలేదు.

"అందర్ని మోసం జేసినవ్, సరే. గా సంచులు నేను గూడ మోస్తనని నీకు యాదికి రాలేదారా?"

"వచ్చింది." ప్రేమ్‌కుమార్ తల దించుకున్నాడు. "కిలోనే గద అనుకున్న."

నాగయ్య వాడి చెయ్యి విడిపించుకుని హమాలీల మధ్యకు వచ్చాడు. ఊర్మిళ చెప్పిన లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"అంటే ఏడాది సంది ఉత్తగనే మోసినమా?" అన్నాడు ఫూల్‌సింగ్. తొందరపడి ముందే సంతకం పెట్టేసిన ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

లోపల నుంచి ఓనరు బయటికొచ్చాడు. "ఏందయ్యా మీటింగు? లారీ లేటయితుంది. సంతకాలు తర్వాత సూసుకుందాం, ఎత్తున్రి."

అలవాటైన ప్రాణాలు, అందరూ కదిలారు. ఇద్దరు వరసలోంచి సంచి లేపారు. ముందున్నవాడు నాగయ్యే. అతను సంచికి వీపు తిప్పి నిలబడ్డాడు గానీ వంగలేదు. నిటారుగా అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది నీకు?" ఓనరు అరిచాడు.

"ఇరవై ఆరుకు ఎంతిస్తరో జెప్పున్రి సారూ. గప్పుడు వంగుత."

"నువ్వు గాకపోతే ఇంకోడు. ఏయ్ ఫూల్‌సింగ్, నువ్ రా!"

ఫూల్‌సింగ్‌కు ఇంట్లో నలుగురు పిల్లలు. ఓనరును చూశాడు, లారీని చూశాడు. ఒక అడుగు ముందుకేశాడు. నాగయ్య పక్కకు వచ్చి, వీపు తిప్పి, అతనూ నిటారుగా నిలబడ్డాడు.