బావిలో కదలని గాలి

కన్నడ జిల్లాలన్నీ కలిసి మైసూరు రాష్ట్రం పెద్దదైన మరుసటి ఎండాకాలం కృష్ణరాజపురంలో బావులన్నీ అడుగంటాయి. స్టేషను వెనక వెంకటగిరియప్ప తోటలో ఏళ్ల తరబడి బండలు కప్పి మూసేసిన పాత బావి ఒకటి ఉండేది. దాన్ని తెరిచి పూడిక తీయమని ఆయన పిల్లప్పను పిలిచాడు. పిల్లప్ప తన తమ్ముడు ఓబళప్పను, భార్య అంజినమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. మట్టి తట్టలు మోయడానికి తల్లి మునివెంకటమ్మ కూడా వచ్చింది.

బండలు తీయగానే దిగుతానన్నాడు పిల్లప్ప.

"రేపు దిగుదువులే. లోపల చెడుగాలి ఉంటాది" అంది అంజినమ్మ.

అతను నవ్వేసి, నడుముకు మోకైనా కట్టుకోకుండా, గోడ రాళ్ల సందుల్లో కాళ్లు పెట్టుకుంటూ దిగిపోయాడు. అడుగుకు చేరి, ముందే కిందికి పడేసిన పార అందుకోవడానికి వంగినవాడు వంగినట్టే బురద మీదికి ఒరిగాడు. పిలిస్తే పలకలేదు.

"అన్నా!" అంటూ ఓబళప్ప బావి గట్టు ఎక్కాడు. అంజినమ్మ అతని పంచె పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇడువు వదినా! అన్న పడుండాడు, కనపడలేదా?"

"కనపడతా ఉండాది. నువ్వు దిగితే నువ్వూ పడతావప్పా. ముందు లాంతరు దించు, చెడుగాలి ఉంటే ఆరిపోతాది."

ఆమె చిన్నప్పుడు మాలూరు దగ్గర ఒక బావిలో తండ్రి ఇలాగే పడిపోయాడు. ఆయన కోసం చిన్నాన్న దిగాడు. చిన్నాన్న కోసం మేనమామ దిగాడు. ముగ్గురినీ ఒకే బండిలో ఇంటికి తెచ్చారు.

వెలిగించిన లాంతరును తాడుకు కట్టి దించారు. సగం దూరం పోయేసరికి మంట చిన్నబోయి, ఆరిపోయింది.

మునివెంకటమ్మ కోడలి జుట్టు పట్టుకుంది. "దీపం చూసుకుంటా కూచుంటావా? నా బిడ్డ సస్తా ఉండాడే! నీకు మొగుడు అక్కర్లేదా?"

ఆ పెనుగులాటలో ఓబళప్ప విడిపించుకుని గట్టు దాటాడు. అంజినమ్మ కాళ్లావేళ్లా పడి అతని నడుముకు మోకు మాత్రం కట్టగలిగింది. దీపం ఆరినచోటికి చేరగానే అతని చేతులు పట్టు తప్పాయి. అక్కడే ఉన్న వెంకటగిరియప్ప, ఆడవాళ్లిద్దరూ కలిసి అతన్ని పైకి లాగారు. ఓబళప్ప నేల మీద పొర్లుతూ కక్కుకున్నాడు. మునివెంకటమ్మ అతని తలను ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ దిగమని అనలేదు.

"కానుగ కొమ్మలు నరకండయ్యా, బాగా ఆకుండేవి!" అని అరిచింది అంజినమ్మ.

కొమ్మలన్నీ పెద్ద మోపుగా కట్టి బావిలోకి వదిలారు. దించడం, లాగడం, మళ్లీ దించడం. దిగేటప్పుడు మోపు పైగాలిని కిందికి తోసుకుపోయేది. లేచేటప్పుడు అడుగున నిలిచిన గాలిని పైకి ఈడ్చుకొచ్చేది. కుళ్లిన బురద కంపు ముఖాలకు కొట్టింది. మోపు దిగిన ప్రతిసారీ ఆకులు పిల్లప్ప వీపు మీద రాసుకున్నాయి. అతను కదలలేదు.

మళ్లీ లాంతరు దించారు. ఇంకాస్త కిందికి పోయి ఆరిపోయింది.

అంజినమ్మ అరచేతుల్లో తోలు లేచిపోయింది. 'నేనే చంపుతా ఉండానా ఈయన్ని? అప్పుడే ఎవరినైనా దిగనిచ్చుంటే?' అనుకుంటూనే తాడు లాగింది. లాగుతూనే ఏడ్చింది. కాసేపటికి తాడు బరువు తగ్గినట్టనిపించి తిరిగి చూసింది. వెనక అత్త నిలబడి తనూ లాగుతోంది.

ఈసారి లాంతరు అడుగుదాకా పోయింది. మంట వణికింది, ఒక పక్కకు వాలింది, ఆరలేదు.

ఓబళప్ప మోకు కట్టుకుని దిగి, అన్న చంకల కింద ఇంకో మోకు బిగించాడు. పైకి తెచ్చి నీడన పడుకోబెట్టారు. పెదవులు నల్లబడి ఉన్నాయి. అంజినమ్మ అతన్ని పక్కకు తిప్పి, నోట్లో బురద వేలితో తీసి, రొమ్ము రుద్దింది. పేరు చెప్పకూడని మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. చాలాసేపటికి గొంతులో గురగురమంది. ఊపిరి ఒకటి లోపలికి పోయింది.

పిల్లప్ప బతికాడు. కాని కుడిచెయ్యి మళ్లీ సరిగా స్వాధీనంలోకి రాలేదు. మాట మధ్యలో ఏం చెప్పబోయాడో మరిచిపోయేవాడు. కొన్నాళ్లు అంజినమ్మనే "అమ్మా" అని పిలిచాడు. బావుల్లోకి దిగే పని ఓబళప్ప మీద పడింది. నడుముకు మోకు కట్టేది, దీపం దించి చూసేది అంజినమ్మే.

ఎప్పుడన్నా అన్నం కలిపి కొడుకుకి తినిపిస్తూ మునివెంకటమ్మ అనేది: "ఇంకొంచెం ముందే పైకి తీసుంటే సరిగ్గా ఉండేవాడు."

ఆ మాట అంజినమ్మకూ రోజూ తోచేదే. అరుగు మీద పళ్లెం ముందు కూర్చున్న ఓబళప్ప మాత్రం, అలా ముందే దిగి పట్టు తప్పినవాడు తనే కాబట్టి, తల వంచుకుని, తినడం ఆపేసేవాడు.