నడిమి రెండు స్థలాలు

కూతురి పేర ఇల్లు రాసిద్దామని తాపీమేస్త్రీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి, తన స్థలం పటం అడిగాడు. గుమస్తా పటం విప్పి వేలు పెట్టి చూపించాడు.

"తాతా, నీ స్థలం పక్కది. నువ్వుంటున్నది వేరేవాళ్ల దాంట్లో."

కొన్న కొత్తలో ఆ వీధిలో ఇళ్లు లేవు, హద్దురాళ్లే ఉండేవి. వరుసలో నాలుగు స్థలాలు, ఒక చివర బావి, ఇంకో చివర రోడ్డు. నడిమి రెంటిలో ఒకటి మేస్త్రీది, ఒకటి బావమరిది దర్జీది. ఇద్దరూ కలిసి బావి వైపు నుంచి లెక్కపెట్టుకుని కట్టుకున్నారు. పటంలో లెక్క రోడ్డు వైపు నుంచి ఉంది.

మేస్త్రీకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. తన చేతులతో కట్టిన ఇల్లు, భార్య కన్నుమూసిన ఇల్లు. బావమరిది పొమ్మంటే పోవాల్సిందే.

తిన్నగా దర్జీ దగ్గరికే వెళ్లి పటం నకలు మిషను మీద పరిచాడు.

"ఒరే, నీ ఇంట్లో నేనుంటున్నాను. నా ఇంట్లో నువ్వుంటున్నావు."

దర్జీ కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"అయితే ఇన్నాళ్లూ కారింది నీ పైకప్పన్నమాట! బకెట్లు పెట్టలేక నేను చచ్చాను కదా బావా! ముందు దాని సంగతి చూడు. రేపెళ్లి ఎవరున్నది వాళ్ల పేర మార్పించుకుందాం. అక్క తిరిగిన ఇల్లు లాక్కుని నేనేం చేసుకోను?"

మేస్త్రీ ఇంటికెళ్లి కాస్త సిమెంటు కలిపి, నిచ్చెన తెచ్చి దర్జీ గోడకు ఆనించాడు.