మూఢం వెళ్లాక వేసిన అప్పీలు

జనగామలోని మా ఇంటి ముందు చెల్లెలు హరిత కుట్టు దుకాణానికి ఒక గది వేద్దామని మున్సిపాలిటీలో అనుమతి అడిగాం. వాళ్లు ఆ ఒక్క గదికి కాకుండా మొత్తం జాగాకు డెవలప్‌మెంట్ చార్జీలు వేసి నోటీసు పంపారు. అవి కడితేనే అనుమతి. అభ్యంతరం ఉంటే నెలలోపు అప్పీలు చేసుకోవచ్చని అందులోనే ఉంది. బడులు తెరిచేలోపు దుకాణం పెట్టకపోతే యూనిఫారాల పని వేరేవాళ్లకు పోతుందని హరిత దిగులు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే కాబట్టి అప్పీలు నా బాధ్యత అయింది. మర్నాటికే తప్పుల్లేకుండా రాసేశాను. ఇచ్చి రావడానికి చెప్పులు వేసుకుంటుంటే అవ్వ ఆపింది.

"మూఢంల ఇంటి కాయిదం ఇయ్యవోతవా బిడ్డా?"

శుక్ర మూఢంలో ఇంటి పనేదీ మొదలుపెట్టరు. కాగితం ఇవ్వడం, గోడ లేపడం ఒకటి కాదని చెప్పవలసింది నేనే. చదువు తలకెక్కిందంటారని చెప్పలేదు. పైగా స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లి పంతులుగారితో మూఢం వెళ్లాక ఒక మంచి రోజు పెట్టించుకొచ్చాను. ఆ రోజు కొత్త చొక్కా తొడుక్కుని, కాగితం నాలుగు మూలలా పసుపు రాసి తీసుకెళ్లాను. గడువు దాటిందని ఆఫీసులో కమలాదేవి మేడం తిప్పి ఇచ్చేశారు. పసుపు మాత్రం ఆమె వేళ్లకు అంటింది.

కోర్టుకు వెళ్లాం. ఆలస్యానికి కారణం చూపించాలని వకీలు వెంకట్రాం గారు చెప్పారు.

"జరమొచ్చిందని రాద్దాం. దవాఖాన చీటీ నేను చూస్త."

"నాకు రాలేదు సార్."

"నీ కేసు పట్టుకుంటే నాకొచ్చేటట్టున్నది."

అబద్ధం వద్దని, మూఢం సంగతి ఉన్నదున్నట్టే రాయించాను. పంతులుగారి చీటీ కూడా జతపరిచాను. జడ్జిగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, నోటీసు కూడా మూఢంలోనే తీసుకున్నారు కదా అని అడిగారు. తీసుకోవడానికి పట్టింపు లేదండి, మొదలుపెట్టడానికే అన్నాను. హాల్లో ఎవరూ పైకి నవ్వలేదు, మర్యాదస్తులు. చార్జీలు న్యాయమా కాదా అన్నదాకా వెళ్లనేలేదు. ఆలస్యం దగ్గరే కేసు కొట్టేశారు.

హైకోర్టుకు వెళ్లొచ్చని, దానికింకా గడువుందని బయట వకీలుగారు అన్నారు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పోగానే రాయడం మొదలుపెడతానని పక్కనే ఉన్న హరితకు మాటిచ్చాను.

"అన్నా, నువ్వు గెలిచేదాక బడి పిలగాండ్లు లాగుల్లేకుంట కూసోరు. చిట్టీ పైసలున్నయి, కట్టేద్దాం పా."

అయితే అభ్యంతరంతోనే కడుతున్నామని ఒక కాగితం రాసిద్దామన్నాను.

"రాసుకో గని జల్ది రా. కౌంటర్ బందైతది."

నేను కోర్టు మెట్ల మీద కూర్చుని అది రాసి, మళ్లీ చదివి, ఒక వాక్యం మార్చి మున్సిపాలిటీకి చేరేసరికి ఆమె రసీదు మడిచి సంచిలో పెట్టుకుంటోంది.