అరచేతుల కింద నంబర్లు

ఒఫీలియా అత్త మంచాన్ని షెరీఫ్ పోలీసులు ఇసకలోకి విసిరేస్తుంటే నేను చూశాను. పీతలు ఒలిచే షెడ్డు నుంచి అప్పుడే వస్తున్నా, చేతులింకా నీచు కొడుతున్నాయి. మంచం తర్వాత కుర్చీ, ఆ తర్వాత పొయ్యి మీద సగం ఉడికిన ఎర్రన్నం గిన్నె. అత్త గేటు పట్టుకుని "బాబూ, గిన్నె వేడిగా ఉంది, చెయ్యి కాలుద్ది" అంటోంది. ఎవరితో? తన ఇల్లు లాక్కుంటున్నవాడితో!

అన్నల్లారా, చదువుకునే పిల్లల్లారా, ఆ ఇల్లు ఎలా పోయిందో చెప్తాను, వినండి. అత్త ఒక్క అప్పు చెయ్యలేదు. ఎక్కడో కూర్చున్న దొంగ ఎవడో ఆవిడ పేరు చెప్పి, ఆ ఇల్లు తాకట్టు పెట్టి, డబ్బు తీసుకుని మాయమైపోయాడు. "సంతకం నాది కాదయ్యా" అని కోర్టులో అత్త మొత్తుకుంది. "నంబరు మీదే కదమ్మా" అన్నాడు బ్యాంకు లాయరు. సర్కారు ప్రతి మనిషికీ తగిలించే సోషల్ సెక్యూరిటీ నంబరు అది. ఎదురుగా మనిషి నిలబడి కాదంటున్నా సరే, నంబరు ఔనంటే వాళ్లకి ఔనే.

ఆ నంబరు కోసం దొంగ పెద్దగా కష్టపడలేదు. అత్త ఇంటి దస్తావేజు మీద పేరు కిందే ఉంది. కౌంటీ వాళ్లు, అంటే మా జిల్లా సర్కారు, పాత దస్తావేజు పుస్తకాలన్నిటికీ ఫొటోలు తీయించి ఇంటర్నెట్లో పెట్టేస్తున్నారు. తీసే కాంట్రాక్టరు అవే ఫొటోలు రిసార్టులు కట్టే కంపెనీలకి అమ్ముకుంటున్నాడు.

దస్తావేజు మీద నంబరెందుకు రాసుకున్నారంటారా? నాకు ఏడుపొచ్చేది అక్కడే. మా దీవిలో తాతల పేర్లే మనవళ్లకి పెట్టుకుంటాం. శామ్యూల్ మంగిన్ అని కేకేస్తే ప్రతి వీధిలోనూ ఒకడు పలుకుతాడు. ఒకసారి ఒక శామ్యూల్ కట్టిన పన్ను ఇంకో శామ్యూల్ పేరున జమచేసి, కట్టినవాడి పొలం వేలం వేశారు. ఆ పొలంలో ఇప్పుడు దొరలు గోల్ఫ్ ఆడుతున్నారు. ఆ ఆదివారం మా ప్రార్థన గుడిసెలో ఒఫీలియా అత్త లేచి, "ఇకమీదట పేరు కింద నంబరు కూడా రాయించండర్రా. పేర్లు కలుస్తాయి గాని నంబర్లు కలవవు. అప్పుడెలా లాక్కుంటారో నేనూ చూస్తా" అంది. అందరం రాయించుకున్నాం. అందరికంటే ముందు రాయించుకుంది ఆవిడే.

ఇల్లు పోయాక అత్త ఆ గుడిసెలోనే పడుకుంది. నేను అన్నం పట్టుకెళితే ముట్టేది కాదు.

"నేనే చెప్పానే మర్టిల్. నా నోటితో నేనే చెప్పి మీ అందరి కొంపలూ తీశాను."

"ఊరుకో అత్తా! తప్పు నీదా, వాళ్లదా?"

"నా సంగతి వదిలెయ్. మీ దస్తావేజు పుస్తకాలు ఆ ఫొటోల యంత్రం దాకా పోనివ్వకండి" అంది. ఆ ఏటి తుఫాను రోజులు దాటకముందే అత్త కన్నుమూసింది, తిండి మానేసి, మనసు విరిగి. ఏం చెప్పను? ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

అత్తని మట్టిచేసి, పుస్తకాల్లో నంబర్లు కప్పెయ్యమని అడగడానికి నేను కోర్టు హౌసుకి వెళ్లాను. "ఎవరి నంబరు చెరిపెయ్యాలన్నా వాళ్లే వచ్చి అర్జీ పెట్టాలి. చనిపోయినవాళ్లదైతే వారసులు రావాలి" అన్నాడు రిజిస్ట్రారు.

"ఆవిడకి పిల్లల్లేరండీ."

"అయితే అలాగే ఉంటుంది."

గుడిసెలో మీటింగు పెట్టుకున్నాం. ప్రార్థన నడిపే ఎనక్ మామయ్య, "గొడవలొద్దు, ఒక్కొక్కళ్లం అర్జీ పెట్టుకుందాం" అన్నాడు.

రొయ్యల పడవ క్లీటస్ అన్న ఇంతెత్తున లేచాడు. "నీ అర్జీ వాళ్లు చదివేలోగా నా కొంప కూడా ఇసకలో ఉంటది మామా! మన పుస్తకాలు సోమవారమే ఫొటోలకి బండెక్కుతున్నాయి. వారసుల్లేని అత్తకి అర్జీ ఎవడు పెడతాడు, దేవుడా?"

"జైల్లో పెడతార్రా."

"పెట్టనీ మామయ్యా," అన్నాను నేను. "రికార్డుల గది ప్రజలదని వాళ్లే బోర్డు పెట్టుకున్నారు. వెళ్లి కూర్చుందాం. ఒక్క కాగితం చింపొద్దు, సిరా చుక్క పడొద్దు. నంబరు మీద చెయ్యి పెట్టి తియ్యకుండా ఉందాం."

మామయ్య టోపీ తీసుకున్నాడు. తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు.

సోమవారం పీతల షెడ్డు మూతపడింది, పడవలు కదల్లేదు. రికార్డుల గది నిండా మేమే. ఎవరి దస్తావేజు ఉన్న పుస్తకం వాళ్లు తెరిచి, నంబరు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాం. ఫొటోల బండి గుమ్మం బయట ఖాళీగా నిలబడిపోయింది.

"చేతులు తియ్యండి! ఇవి ప్రభుత్వ రికార్డులు!" అని అరిచాడు రిజిస్ట్రారు.

"నంబర్లు మీరు కప్పండి, చేతులు మేం తీస్తాం" అన్నాడు క్లీటస్ అన్న. పోలీసులు బేడీలేసి ముందు అతన్నే లాక్కెళ్లారు. చెయ్యి లేచీ లేవగానే అతని పెళ్లాం అక్కడ చెయ్యి పెట్టింది. ఆమెని లాగారు, పక్కింటి అక్క పెట్టింది.

నా చెయ్యి ఒఫీలియా అత్త పేజీ మీద ఉంది.

"ఆ పుస్తకం ఫొటోలు ఎప్పుడో అయిపోయాయి. దాని మీద చెయ్యెందుకు పెట్టావమ్మా? ఆవిడకి నువ్వేమవుతావు?" అని అడిగాడు రిజిస్ట్రారు.

అవును, ఆ నంబరు లోకమంతా చూసేసింది. అయినా నా చెయ్యి రాలేదు. బేడీలవాడు మణికట్టు పట్టుకుని ఒక్కో వేలూ విడదీస్తుంటే, నా భుజం మీదుగా ముసలి చెయ్యొకటి వచ్చి నా చేతికింద దూరి పేజీ మీద వాలింది.

"మేం ఆవిడ వారసులం బాబూ," అన్నాడు ఎనక్ మామయ్య. "రాసుకో."

ఆయన వెనక నిలబడ్డ జనం గుమ్మం దాటి, కోర్టు హౌసు మెట్లు దిగి, రోడ్డు దాకా ఉన్నారు.