నొప్పైతే చెప్పమ్మా

బళ్ళారి బజారులో విరూపాక్షయ్య గాజులెయ్యని చెయ్యి లేదంటే నమ్మల్ల. ఎవరి చెయ్యి పట్టుకున్నా ముందు ఒకటే మాట: "నొప్పైతే చెప్పమ్మా." వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి అది. ఆడమనిషిని వీధికెదురుగా కూసోబెట్టే గాజులెయ్యల్ల, లోపలికి పిలవకూడదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ క్షణమే వదిలెయ్యల్ల.

శనివారం మధ్యాహ్నం మనవరాలు శ్రుతి కాలేజీ నుంచి అంగడికొచ్చి మూలన కూసుంది. వాగుడుకాయ పిల్ల, నోరు కుట్టేసినట్టుంటే ముసలాయనకు ఏమీ తోచలేదు.

"రాయే, పచ్చ గాజులొచ్చినాయి" అని చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల ఉలిక్కిపడి లాక్కుంది. ఆయన టక్కున వదిలేసినాడు.

శ్రుతి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. "నువ్వు వదిలేస్తివి తాతా. ఆయప్ప వదల్లేదు."

"ఎవరమ్మా?"

కాలేజీలో కౌన్సెలింగు చేసే సారు. పరీక్షల భయంతో పిల్లకు నిద్ర పట్టకుంటే, "చదువుకున్నోడు, పోయి మాట్లాడమ్మా" అని పంపింది ఈ తాతే. మూడుసార్లు బాగానే మాట్లాడినాడంట. నిన్న తలుపేసి, చెయ్యి పట్టుకుని, ఇదీ వైద్యమే అన్నాడంట. రేపు ఆదివారం కంటోన్మెంట్‌లో తనింటికి ఒక్కదాన్నే రమ్మన్నాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు.

వాని వైద్యం మన్నైపోను! విరూపాక్షయ్య గాజుల పెట్టె పక్కకు తోసేసినాడు. "నిన్ననే చెప్పకపోతివే తల్లీ?"

"చెప్తే కాలేజీ మానిపిస్తారని."

"మానల్సింది వాడు, నువ్వు గాదు. యాభై ఏండ్లు పరాయి ఆడోళ్ళ చేతులు పట్టి బతికినోన్ని, నాకు తెలీదా? నమ్మి చెయ్యిచ్చినోళ్ళను చాటుకు పిలిచేవాడు దొంగ. నీ తప్పు రవ్వంత లేదు, పద."

శనివారం బేరం పోతే పోనీ అని అంగడి మూసినాడు. కాలేజీలో ఫిర్యాదుల కమిటీ చూసే నేత్ర మేడం ఇంకా ఉంది. శ్రుతి చెప్పింది చెప్పినట్టు రాసుకుని ప్రిన్సిపాలుకు ఫోను చేసింది. విచారణ అయ్యేదాకా ఆయప్ప పిల్లలనెవర్నీ కౌన్సెలింగుకు పిలవకూడదని ఆర్డరయింది. "నా మాదిరి ఇంకెవరన్నా ఉంటారేమో అడగండి మేడం" అంది శ్రుతి.

సోమవారం పొద్దున కాలేజీకి పోతా శ్రుతి అంగడి మెట్టెక్కింది. వీధికెదురుగా కూసుని తానే చెయ్యి చాపింది. విరూపాక్షయ్యకు ముట్టుకునేకి భయమేసింది.

"వెయ్యి తాతా, బస్సు పోతాది!"

పచ్చ గాజులు తీసి మొదలుపెట్టినాడు. ఆ గాబరాలో ఎప్పుడూ చెప్పే మాటే మర్చిపోయినాడు. రెండో గాజు కణుపు దగ్గర బిగిసింది.

"నొప్పి తాతా" అంది పిల్ల, గట్టిగా.

ఆయన వెంటనే వదిలేసినాడు. ఆ మాట విని ఇంత సంతోషపడింది ఆయన జన్మలో అదే మొదలు. కండ్లు తుడుచుకుని, పెద్ద సైజు గాజులు తీసినాడు.