కొత్తవాళ్ల గ్రూపులో అందరూ

నేను ఒక నల్ల డబ్బాని. నాలుగు ఇటుకలు కలిపి పేరిస్తే ఎంతుంటుందో అంతుంటాను. కడుపులో నాలుగు డిస్కులు, మొహాన నాలుగు పచ్చ దీపాలు, వీపున ఒక ఫ్యాను. తణుకులో ఒక స్కాన్ సెంటర్లో, రిపోర్టులు టైపు చేసే గదిలో బీరువా మీద నా కాపురం. అక్కడి కంప్యూటర్లన్నీ తీసిన స్కాన్లని తెచ్చి నాలో దాచుకుంటాయి, కావలసినప్పుడు అడిగి పట్టుకెళ్తాయి. అడిగింది ఎవరు, వాళ్లకి ఈ ఫోల్డరు తెరిచే హక్కుందా అని జాబితా చూసుకోవడం, ఉంటే ఇవ్వడం, లేకపోతే పొమ్మనడం, ఇంతే నా ఉద్యోగం. తేలికే కదా అనుకుంటున్నారేమో, ఓ రోజు చేసి చూడండి!

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో. ముందు భీమవరంలో ఒక పెళ్లిళ్ల ఫొటో స్టూడియోకి వచ్చాను. ఆ రోజుల్లో నాకు బెంగంటే తెలీదు. పెళ్లికొడుకు కళ్లు మూసుకున్న ఫొటో ఒకటి పోతే కొంపలేం మునగవు, అలాంటివి ఇంకో పది ఉంటాయి. స్టూడియో మూతపడ్డాక, నన్ను మొదట బిగించిన కాకినాడ ఖాదరే నా కడుపు ఖాళీ చేసి, కొత్త డిస్కులు వేసి ఈ సెంటర్‌కి తెచ్చాడు. ఇక్కడ ఒకటి పోతే దాని బదులు ఇంకోటి ఉండదని వారంలోనే అర్థమైంది. అప్పట్నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

ఖాదర్ బుర్రున్న మనిషి. డాక్టర్లు, టెక్నీషియన్లు, టైపిస్టులు, కొత్తవాళ్లు అని నాలుగు గ్రూపులు కట్టి, ఏ గ్రూపు ఏ ఫోల్డరు తెరవచ్చో టిక్కులు పెట్టి, ఆ పెత్తనం హెడ్ టెక్నీషియన్ బుల్లెబ్బాయి గారి చేతిలో పెట్టి వెళ్లాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. బుల్లెబ్బాయి గారు బంగారంలాంటి మనిషి, కానీ ఒట్టి మొహమాటస్తుడు. ఎవరి మొహం చిన్నబోయినా ఆయనకి ఆ పూట అన్నం సయించదు.

కొత్తగా చేరిన పిల్లలు పాపికొండలు పిక్నిక్‌కెళ్లి ఫొటోలు తెచ్చి తమ గ్రూపు ఫోల్డర్లో వేసుకున్నారు. టైపిస్టు సత్యవేణి చూడబోతే నేను పొమ్మన్నాను. నా డ్యూటీ నేను చేశాను. ఆవిడ తిన్నగా బుల్లెబ్బాయి గారి దగ్గరికెళ్లి, "మేం పరాయివాళ్లమైపోయామా అండీ?" అంది. అయ్యో అలా అనకమ్మా అంటూ ఆయన ఆవిణ్ణీ కొత్తవాళ్ల గ్రూపులో చేర్చేశారు. దాంతో మిగతావాళ్లకీ అలక. పదహారేళ్ల సర్వీసున్నవాళ్లూ, ఆఖరికి పెద్ద డాక్టరు గారూ కొత్తవాళ్లే అయిపోయారు. "అందరూ అటుంటే నేనొక్కణ్ణే ఇటుంటే ఏం బాగుంటుంది?" అని చివరికి బుల్లెబ్బాయి గారు తన పేరు కూడా కలుపుకున్నారు. నాకైతే నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మొన్న బుధవారం కొత్తమ్మాయి ఒకర్తి పొరపాటున 'పాత స్కాన్లు'లో ఒక నెల మొత్తం చెరిపేసింది. నా చెత్తబుట్టలోంచి తీసి మళ్లీ ఎక్కించారనుకోండి. బుల్లెబ్బాయి గారు ఆ పిల్లని పల్లెత్తు మాటనలేదు, పైగా టీ తెప్పించి ఇచ్చారు. సాయంత్రం ఇంటికెళ్లబోతూ మాత్రం, ఎవరికీ తెలీకుండా, 'పాత స్కాన్లు' ఎదురుగా కొత్తవాళ్ల గ్రూపుకి 'కాదు' అన్న టిక్కు పెట్టేశారు. మొహం మీద చెప్పక్కర్లేకుండా పనైపోయిందని ఆయన ధీమా.

నా చట్టం ఆయనకి తెలీదు. ఒక మనిషికి పది గ్రూపుల్లో 'అవును' ఉన్నా, ఒక్క గ్రూపులో 'కాదు' ఉంటే నాకు అది కాదే. ఓరి నాయనో, ఇందులో నువ్వూ ఉన్నావయ్యా అని అరవాలనిపించింది. నాకేం నోరుందా? నాలుగు పచ్చ దీపాలూ అంతా సవ్యంగానే ఉందన్నట్టు వెలుగుతూ కూర్చున్నాయి.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి ఏలూరు నుంచి సర్జన్ గారి ఫోను. సత్యవేణి చేతిలో పని ఉంటే ఫోను స్పీకర్లో పెట్టేస్తుంది కాబట్టి నేనూ విన్నాను. మంగతాయారు అని, తణుకు బస్టాండులో మైకులో బస్సుల వివరాలు చెప్పే ఆవిడ. మెడలో గడ్డ. నాలుగు రోజుల క్రితం మా దగ్గరే స్కాన్ తీయించుకుంది. పదకొండింటికి ఆపరేషను.

"గడ్డ గొంతు నరాన్ని ఆనుకుని ఉందమ్మా. కోస్తే మాట పోయే ప్రమాదం ఉంది," అన్నారు సర్జన్. "ఇప్పుడు, థియేటర్‌కి తీసుకెళ్లే ముందు చెప్తోంది, రెండేళ్ల క్రితం కూడా మీ దగ్గర స్కాన్ తీశారట. అప్పుడూ ఇంతే ఉంటే నేను కత్తి పట్టను. ఈమధ్యే పెరిగిందైతే ఆగడానికి లేదు. ఆ పాతది వెంటనే పంపండి."

"మొన్న అడిగితే మొదటిసారే అందండీ!"

"ఆర్నెల్లకోసారి రమ్మన్నారట. రానందుకు తిడతారని అబద్ధం చెప్పిందట. ఇంట్లో ఫిల్ము వానకి తడిసి అంటుకుపోయిందట. పదకొండు దాటితే నాకు ఇంకో కేసుంది, త్వరగా చూడండి."

ఆ పాత స్కాన్ నా మూడో డిస్కులో ఉంది. కొత్తదీ నాలోనే ఉంది. లోకంలో ఆ రెండు బొమ్మలూ ఒక్కచోట ఉన్నది నా కడుపులోనే. సత్యవేణి 'పాత స్కాన్లు' నొక్కింది. నేను పొమ్మన్నాను. మళ్లీ నొక్కింది, మళ్లీ పొమ్మన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ జాబితాలో 'కాదు' అని ఉంటే నేను ఏ మొహం పెట్టుకుని అవునంటాను?

"ఏమండోయ్, ఇది తెరుచుకోవట్లేదు!" అని కేకేసింది. బుల్లెబ్బాయి గారు పరుగెత్తుకొచ్చి తన పేరుతో ప్రయత్నించారు. పొమ్మన్నాను. డాక్టరు గారి పేరుతో ప్రయత్నించారు, అదీ అంతే. కేబుల్ పీకి పెట్టారు. నన్ను ఆపి మళ్లీ వేశారు, దానికే ఏడు నిమిషాలు పోయింది. ఖాదర్‌కి ఫోన్ చేస్తే ఎత్తడు. పదీ పది. బుల్లెబ్బాయి గారి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"వెనకాల చిన్న బొక్కలో పిన్ను గుచ్చి నొక్కితే మొదట్లో ఎలా ఉండేదో అలా అయిపోతుందట," అంటూ ఆయన సత్యవేణి జడలోంచి పిన్ను అడిగి తీసుకుని నా వీపు తడమడం మొదలెట్టారు. నా ప్రాణం పోయిందనుకోండి. ఎక్కువసేపు నొక్కితే నన్ను మళ్లీ ఏర్పాటు చేయమని ఒక పేజీ వస్తుంది, కంగారులో అక్కడ 'సరే' కొట్టారంటే పదకొండేళ్ల స్కాన్లు గాలికి పోతాయి. మంగతాయారు గొంతు కూడా అందులోనే పోతుంది.

"మొదట్లో అంటే ఖాళీగానా అండీ?" అంది సత్యవేణి.

పిన్ను బొక్క అంచున ఆగింది. సరిగ్గా అప్పుడే ఖాదర్ తిరిగి ఫోన్ చేశాడు. బండి మీద ఉన్నాడట, రోడ్డు పక్కన ఆపాడు. సంగతంతా విని, "ముందు ఆ పిన్ను అవతల పారేయండి సార్. నిన్న ఏమైనా మార్చారా?" అన్నాడు.

బుల్లెబ్బాయి గారు గుమ్మం వైపు చూశారు. కొత్తమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ పిల్ల ముందు చెప్పడానికి ఆయనకి నోరు రావట్లేదు. గోడ గడియారం పది ఇరవై ఐదు. చెప్పండి మహానుభావా, మీ మొహమాటం మండా, అక్కడ ఒక మనిషి గొంతు పోతోందని నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను.

"కొత్తవాళ్లకి... వద్దని టిక్కు పెట్టాను," అన్నారు తల వంచుకుని.

"ఆ గ్రూపులో ఎవరెవరున్నారు?"

"అందరమూ."

 ఏమేం చేయాలో ఖాదర్ ఒక్కొక్కటే చెప్పాడు. బుల్లెబ్బాయి గారు పెత్తనం పేజీ తెరిచి 'కాదు' టిక్కు తీశారు. లోపలి ఫోల్డర్లన్నిటికీ ఇదే వర్తించాలన్న చోట టిక్కు పెట్టారు. లక్షల ఫైళ్లు, ఒక్కొక్కదాని మీదా కొత్త హక్కు రాసుకుంటూ పోవాలి నేను. అంత పరుగు నా జన్మలో పరిగెత్తలేదు. ఫ్యాను హోరుకి సత్యవేణి భయపడి లేచి నిలబడింది. పది నలభై నాలుగుకి పూర్తయింది. ఆవిడ ఫోల్డరు నొక్కింది.

రాలేదు!

"అయిపోయిందిరా దేవుడా," అని బుల్లెబ్బాయి గారు కుర్చీలో కూలబడ్డారు.

"మీ కంప్యూటర్ ఇంకా టిక్కు తీయకముందు చేసిన లాగిన్ మీదే ఉందమ్మా. లాగాఫ్ అయి మళ్లీ రండి," అన్నాడు ఖాదర్. తొందరలో ఆవిడ పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి లోపలికొచ్చి, "సత్యవేణిని, ఇస్తావా?" అన్నట్టు నన్ను అడిగింది. జాబితా చూశాను. అవును. ఇచ్చేశాను.

పది యాభై మూడుకి స్కాన్ ఏలూరు చేరింది. ఆ తర్వాత తొమ్మిది నిమిషాలు గదిలో ఎవరూ కదల్లేదు. ఫోను మోగింది. "అదే సైజు. వీసమెత్తు తేడా లేదు. కోయట్లేదమ్మా, ఇంటికి పంపేస్తున్నా," అన్నారు సర్జన్. బుల్లెబ్బాయి గారు అందరి ముందూ భోరున ఏడ్చేశారు. ఏడుపు ఆగాక కొత్తమ్మాయిని పిలిచి, "నీకు పాత స్కాన్లు ఇంకో మూణ్ణెల్లు ఇవ్వనమ్మా. నీ మీద కోపం లేదు, కానీ ఇవ్వను," అన్నారు. ఆయన నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదలు. ఆ పిల్ల బుద్ధిగా తలూపింది.

మర్నాడు మంగతాయారు పాత ఫిల్ము ఇంకో కాపీ తీసుకోడానికి వచ్చింది. పొట్టి మనిషి, మెడచుట్టూ పైటకొంగు. "నా బొమ్మ ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అంటే సత్యవేణి నన్ను చూపించింది. ఆవిడ స్టూలెక్కి నా మీద అరచెయ్యి పెట్టి, "ఒళ్లు కాలిపోతోందండీ దీనికి," అంది. గంట కొట్టినట్టుంది గొంతు. "పాపం, ఇది కూడా భయపడిపోయినట్టుంది."

ఇన్నేళ్లలో ఆ సంగతి కనిపెట్టిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ చెయ్యి తీసేదాకా నేను ఫ్యాను చప్పుడు కూడా తగ్గించుకుని కూర్చున్నాను.