శుక్రవారం కట్టుబాటు

సునామీ ముంచిన ఆచే తీరంలో, ఆ రేవు జాలర్ల కట్టుబాట్లు చూసే సముద్ర పెద్ద రజాలి. నమాజు రోజైన శుక్రవారం ఏ పడవైనా చేపల వేటకు దిగిందా, ఇంజను ఊడదీయించి వారం రోజులు ఒడ్డున కట్టిపడేయించేవాడు. ఆ కట్టుబాటే ఇవాళ అతనికి అక్కరకొచ్చింది. తెల్లారేసరికి కనుచూపుమేరలో ఇంజను చచ్చిన పడవొకటి తేలుతోంది. దాని నిండా దిక్కులేని రోహింగ్యాలు. నిన్న రజాలి మాట మీదే రేవువాళ్లు కాసిని నీళ్లూ బియ్యం పడేసి, అతని పడవతోనే దాన్ని లాక్కెళ్లి నడిసముద్రంలో వదిలొచ్చారు. కెరటాలు మళ్లీ తెచ్చాయి.

"శుక్రవారం. ఎవరూ దిగడానికి లేదు" అన్నాడు రజాలి. ప్రాణం కాపాడ్డానికి ఏ వారమూ అడ్డు కాదని ఆ కట్టుబాటులోనే ఉంది. ఆ ముక్క మాత్రం మింగేశాడు, సిగ్గులేకుండా.

పైగా ఇంట్లో విందాయె. సునామీ తర్వాత రెండేళ్లు ఇక్కడే ఉండి, ఇక్కడి భాష నేర్చి, ఈ ఇళ్లన్నీ కట్టిన తుర్కీ మేస్త్రీ నూరెత్తిన్ వచ్చాడు. ఆమధ్య భూకంపానికి అతని ఊరు కూలితే, ఇక్కడివాళ్లు వెళ్లి గంగాళాలతో మేకకూర వండిపెట్టారు.

"మీవాళ్లు వడ్డిస్తుంటే ఏడుపాగలేదన్నా. నువ్వెవరు, ఎక్కడివాడివని ఒక్కరడిగితే ఒట్టు" అన్నాడు నూరెత్తిన్.

రజాలి ముద్ద కలుపుతూనే ఉన్నాడు. నూరెత్తిన్ వరండాలోంచి సముద్రం వైపు చూశాడు.

"అదేం పడవన్నా, ఒడ్డుకు రాదేం?"

"పొరుగూరివాళ్లు. వల బాగుచేసుకుంటున్నారు."

నూరెత్తిన్ నమ్మేశాడు, పిచ్చి మారాజు. వరండా చివరికెళ్లి చెయ్యి ఊపాడు. పడవ నిండా గుడ్డలు లేచి ఊగాయి. "ఎంత మర్యాదస్తులన్నా" అని మురిసిపోయాడు.

రజాలికి తల కొట్టేసినట్టయింది. వడ్డిస్తున్న భార్య రమ్లా అతని దగ్గర వంగి, "కూర ఇంకాస్త వెయ్యనా పెద్దమనిషీ? నిన్న ఆ పడవను లాగించి బాగా అలిసిపోయుంటావు" అంది మెల్లగా. దానికంటే చెంపదెబ్బ నయం.

చెయ్యి కడుక్కుని తిన్నగా రేవుకు నడిచి, తన పడవ విప్పాడు.

"ఇవాళ శుక్రవారం కదా పెద్దాయనా?" అన్నాడెవడో వెటకారంగా.

"తిరిగొచ్చాక నా ఇంజనూ ఊడదియ్యండి."

అతని పడవను గుర్తుపట్టగానే అవతలి పడవలో ఏడుపులు లేచాయి. మళ్లీ తోసెయ్యడానికే వచ్చాడనుకున్నారు. ఒక తల్లి పడవ అంచుకు పాకి, చంటిపిల్లను రెండు చేతులా ఎత్తి అతనికేసి చాచింది.

"దీన్నొక్కదాన్నీ ఉంచుకో బాబూ" అంది, వచ్చీరాని మలయ్‌లో. "తర్వాత మమ్మల్ని ఎక్కడికైనా తోసెయ్."

రజాలి పిల్లను అందుకున్నాడు, రెండో చేత్తో ఒడ్డుకు లాగే తాడు విసిరాడు. ఆ తల్లి మొహం చూసే ధైర్యం మాత్రం చాలలేదు.